పాత కారుకు కొత్త సైలెన్సర్: బిగించే ముందు తెలుసుకోవలసినవి

పాత కారు ఉన్న ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక రోజు ఈ సమస్య వస్తుంది. నిన్నటిదాకా మెల్లగా నడిచిన కారు ఉన్నట్టుండి ట్రాక్టరులా చప్పుడు చేయడం మొదలుపెడుతుంది. వంగి చూస్తే సైలెన్సర్ తుప్పు పట్టి, అడుగున వేలు దూరేంత చిల్లు పడి ఉంటుంది. కంపెనీ సర్వీసు సెంటర్‌లో అడిగితే "ఆ మోడల్ భాగాలు ఇప్పుడు రావడం లేదండీ" అంటారు. ఇక మిగిలే దారి బయటి మార్కెట్. ఢిల్లీలో కశ్మీరీ గేట్, కోల్‌కతాలో మల్లిక్ బజార్, చెన్నైలో పుదుపేట, బెంగళూరులో జె.సి. రోడ్, సికింద్రాబాద్‌లో రాణిగంజ్... దేశంలో ఏ పెద్ద ఊరికి వెళ్లినా కారు విడిభాగాలు అమ్మే వీధి ఒకటి ఉంటుంది. కారు కంపెనీ కాకుండా ఇతరులు తయారుచేసిన సైలెన్సర్లు, గొట్టాలు, కన్వర్టర్లు అక్కడ దొరుకుతాయి. వీటినే ఆఫ్టర్‌మార్కెట్ భాగాలు అంటారు. వీటిలో మంచివీ ఉన్నాయి, పనికిరానివీ ఉన్నాయి. పైకి చూస్తే రెండూ నల్లగా, నున్నగా ఒకేలా మెరుస్తుంటాయి.

ఈ పాఠం మెకానిక్‌ల కోసం కాదు. మెకానిక్ ముందు నిలబడి "ఏది వేయమంటారు సార్?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పవలసిన కారు యజమాని కోసం. ఉదాహరణగా మనందరికీ తెలిసిన మారుతి 800ను తీసుకుందాం. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన ఈ కారు తయారీ 2014లో ఆగింది. దీనికి దగ్గరి చుట్టమైన మెహ్రాన్ కారు పాకిస్తాన్‌లో 2019 దాకా తయారైంది. దీని ఇంజిన్ 796 సి.సి., సిలిండర్లు మూడు. లెక్కలు వేసుకోవడానికి అనువైన చిన్న ఇంజిన్. ఈ లెక్కలు అర్థమైతే మీ కారు ఏదైనా సరే, అవే సూత్రాలు వర్తిస్తాయి.

తూము కాదు, ఇంజిన్‌లో భాగం

ఇంజిన్ నుంచి వెనుక బంపరు దాకా పొగ ప్రయాణించే దారిని మొత్తంగా ఎగ్జాస్ట్ వ్యవస్థ అంటాం. ఇంజిన్‌ను ఆనుకుని మానిఫోల్డ్ ఉంటుంది. అన్ని సిలిండర్ల నుంచి వచ్చే పొగ అందులో కలుస్తుంది. అక్కడి నుంచి ముందు గొట్టం, కొన్ని కార్లలో క్యాటలిటిక్ కన్వర్టర్, తరువాత మధ్య గొట్టం, సైలెన్సర్ డబ్బా, చివర తోక గొట్టం. మాటవరసకు ఈ మొత్తాన్నీ 'సైలెన్సర్' అనేస్తుంటాం. కాని ఏ భాగాన్ని మార్చామన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది కనుక వీటిని వేర్వేరుగా గుర్తుపెట్టుకోవాలి.

ఈ వ్యవస్థ చేసే పనులు నాలుగు. పొగను కారులో కూర్చున్నవాళ్లకు దూరంగా తీసుకుపోయి వదలడం మొదటిది. చప్పుడు తగ్గించడం రెండవది. విష వాయువులను కొంతమేరకు శుద్ధి చేయడం మూడవది. సిలిండర్ పూర్తిగా ఖాళీ కావడానికి సాయపడటం నాలుగవది. బజారులో భాగం కొనేటప్పుడు మన దృష్టి రెండవదాని మీదో, నాలుగవదాని మీదో ఉంటుంది. ప్రాణం మీదికి తెచ్చేది మాత్రం మొదటిది. అక్కడికి వచ్చే ముందు గొట్టం లోపల ఏం జరుగుతుందో చూద్దాం.

సెకనుకు 75 సార్లు

మారుతి 800 ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతోందనుకుందాం. ఇది నాలుగు స్ట్రోకుల ఇంజిన్ కనుక ఒక్కో సిలిండర్ రెండు చుట్లకు ఒకసారి పొగ వదులుతుంది. అంటే నిమిషానికి 1500 సార్లు. మూడు సిలిండర్లూ కలిసి 4500 సార్లు, సెకనుకు 75 సార్లు. మనకు వినిపించే గుర్రుమనే శబ్దంలో ముఖ్యమైన పౌనఃపున్యం ఈ 75 హెర్ట్‌జ్. కుళాయి నీళ్లు ధారగా పోతాయి. గొట్టంలో పొగ అలా పోదు. సెకనుకు 75 విడతలుగా, ఒకదాని వెనుక ఒకటి తోసుకుంటూ పోతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే మిగతాదంతా తేలిక.

ఇప్పుడు ఎంత పొగ పోతుందో లెక్క కడదాం. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఈ ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి గరిష్ఠంగా 796 సి.సి. గాలిని పీల్చుకుంటుంది. నిమిషానికి సుమారు 1200 లీటర్లు, సెకనుకు 20 లీటర్లు. బయటికి వచ్చేటప్పుడు ఆ వాయువు ఉష్ణోగ్రత 600 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉంటుంది. వేడెక్కిన వాయువు వ్యాకోచిస్తుందని బడిలో చదువుకున్నాం. పరమ ఉష్ణోగ్రత దాదాపు మూడు రెట్లయింది కనుక ఘనపరిమాణమూ దాదాపు మూడు రెట్లవుతుంది. 20 లీటర్లు కాస్తా 60 లీటర్లవుతాయి. ఇవి 35 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న గొట్టంలోంచి పోవాలంటే సెకనుకు సుమారు 62 మీటర్ల వేగం కావాలి. గంటకు 220 కిలోమీటర్ల పైమాట! అదే 50 మి.మీ. గొట్టం వేశారనుకోండి. వైశాల్యం రెట్టింపవుతుంది, వేగం సగానికి పడిపోతుంది. ఇది మంచిదా, చెడ్డదా?

చప్పుడు పెరిగితే బలం పెరుగుతుందా?

ఇక్కడ బజారులో వినిపించే రెండు మాటలను పరీక్షించాలి. ఒకటి: "గొట్టం ఎంత లావైతే ఇంజిన్‌కు అంత ఊపిరి." రెండవది దానికి విరుద్ధం: "కొంచెం వెనుక ఒత్తిడి ఉండాలి సార్, లేకపోతే బండి లాగదు." రెండింటిలోనూ సగమే నిజం.

వెనుక ఒత్తిడి వల్ల ఏ ఇంజిన్‌కూ లాభం లేదు. పొగను బయటికి తోయడానికి పిస్టన్ ఎంత శ్రమపడితే, చక్రాలకు అందవలసిన శక్తి అంత వృథా అవుతుంది. అయితే పొగ వేగం వల్ల లాభం ఉంది. గొట్టంలో వేగంగా దూసుకుపోయే ప్రతి విడతా తన వెనుక కొంత తక్కువ పీడనాన్ని వదిలి వెళుతుంది. సిలిండర్‌లో పొగ వాల్వు మూసుకోబోతూ, గాలి వాల్వు తెరుచుకోబోతూ ఉండే చిన్న వ్యవధిలో రెండూ కాస్త కాస్త తెరిచి ఉంటాయి. సరిగ్గా అప్పుడు ఆ తక్కువ పీడనం మిగిలిన పొగను లాగేసి, కొత్త గాలి లోపలికి రావడానికి చోటు చేస్తుంది. దీన్ని స్కావెంజింగ్ అంటారు. గొట్టం మరీ లావైతే తక్కువ చుట్ల వద్ద ఈ వేగం చాలక స్కావెంజింగ్ దెబ్బతింటుంది. ఊళ్లో మనం నడిపేది ఎక్కువగా ఆ తక్కువ చుట్ల మీదే కదా. లావు గొట్టం వేయించుకున్నవాళ్లు "సిగ్నల్ దగ్గర బండి లాగడం లేదు" అనడం నిజమే కావచ్చు. వాళ్లు చూసింది సరైనదే, చెప్పిన కారణం మాత్రం తప్పు.

విడివిడి గొట్టాలతో చేసిన హెడర్ అనే భాగం గురించీ ఒక మాట. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో 180 డిగ్రీలకు ఒకటి చొప్పున పొగ విడతలు వస్తాయి. ఒక వాల్వు తెరిచి ఉండే వ్యవధి అంతకంటే ఎక్కువ కనుక ఒకదాని పొగ మరొకదానికి అడ్డు తగులుతుంది. 1-3-4-2 వరుసలో మండే ఇంజిన్‌లో 1, 4 సిలిండర్లను ఒక జతగా, 2, 3 సిలిండర్లను మరో జతగా కలపడం అందుకే. మారుతి 800 వంటి మూడు సిలిండర్ల ఇంజిన్‌లో విడతల మధ్య 240 డిగ్రీల ఎడం ఉంటుంది. ఒకదానికొకటి అడ్డు రావడం అసలే తక్కువ. కాబట్టి హెడర్ వల్ల వచ్చే లాభమూ తక్కువే. ఇంజిన్ పీల్చే గాలి పెరగకుండా, కార్బురేటర్, వాల్వులు పాతవే ఉండగా, వెనుక గొట్టం ఒక్కటే మార్చి బలం ఆశించడం ఇరుకు గుమ్మం ఉన్న ఇంటికి వెనుక పెద్ద తలుపు పెట్టడం వంటిది.

మరి సైలెన్సర్ డబ్బా చప్పుడును ఎలా అణుస్తుంది? రెండు పద్ధతులున్నాయి. సన్నని గొట్టం ఒక్కసారిగా వెడల్పైన గదిలోకి తెరుచుకున్నప్పుడు శబ్ద తరంగంలో కొంత భాగం వెనక్కి పరావర్తనం చెందుతుంది. గదుల పొడవు సరిగా కుదిరితే ముందుకు వెళ్లే తరంగాన్ని వెనక్కి వచ్చే తరంగం రద్దు చేస్తుంది. ఇది మొదటి పద్ధతి. చిల్లుల గొట్టం చుట్టూ గాజు నారలాంటి పదార్థాన్ని కూరి శబ్దాన్ని దానిలో ఇంకిపోయేలా చేయడం రెండవది. కంపెనీ సైలెన్సర్లలో ముఖ్యంగా మొదటిది, చాలావాటిలో రెండూ ఉంటాయి. 'స్పోర్ట్స్' పేరుతో అమ్మే తిన్నని డబ్బాల్లో రెండవది మాత్రమే ఉంటుంది. నార నాసిరకమైతే కొంతకాలానికి పొగతోపాటు ఎగిరిపోయి, ఖాళీ డబ్బా మిగులుతుంది. శబ్దం 10 డెసిబెల్స్ పెరిగిందంటే శబ్దశక్తి పది రెట్లయినట్టు. చెవికి అది దాదాపు రెండింతల చప్పుడు. పెద్ద చప్పుడు చేసే కారు వేగంగా పోతున్నట్టు అనిపిస్తుంది. అలా అనిపించేది చెవికే, స్పీడోమీటర్ ముల్లుకు కాదు.

కాబట్టి రోజూ తిరిగే పాత కారుకు ఒకటే సూత్రం. పాత గొట్టం ఎంత వ్యాసమో కొత్తదీ అంతే ఉండాలి, సైలెన్సర్ డబ్బా దాదాపు పాతదంత పరిమాణంలో ఉండాలి, వంపులు నలిగిపోకుండా గుండ్రంగా ఉండాలి. కొనడానికి వెళ్లేటప్పుడు తుప్పు పట్టిన పాత భాగాన్ని వెంట తీసుకెళ్లండి. దాన్ని మించిన కొలబద్ద లేదు.

వాసన లేని విషం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. దీన్ని నేను పుస్తకంలో కంటే ముందు ఇంట్లో నేర్చుకున్నాను. చాలా ఏళ్ల క్రితం మా పాత కారుకు బయట సైలెన్సర్ వేయించాను. తోక గొట్టం పొడవు చాలక బంపరు కిందే ఆగిపోయింది. "ఏమీ కాదు సార్" అన్నారు. విజ్ఞానశాస్త్రం బోధించే నేనూ సరేనన్నాను. ఆ వారం ఊరికి వెళుతూ, సామాను ఎక్కువై డిక్కీ పూర్తిగా మూయలేక తాడుతో కట్టాం. గంట ప్రయాణం అయ్యేసరికి వెనుక సీట్లో ఉన్న మా అమ్మకూ పాపకూ తలనొప్పి, వికారం. ఎండ వల్ల అనుకున్నాం. చెట్టు కింద ఆగి, దిగి కాసేపు కూర్చోగానే ఇద్దరూ తేరుకున్నారు. బయలుదేరిన కొంతసేపటికి మళ్లీ అదే. ముందు సీట్లో ఉన్న మాకు ఏమీ లేదు. అప్పుడు గాని నాకు వెలగలేదు. డిక్కీ ఖాళీ చేసి, గట్టిగా మూసి, అద్దాలన్నీ దించి మెల్లగా వెనక్కి వచ్చాం.

ఏం జరిగిందో చూడండి. కారు ముందుకు పోతున్నప్పుడు దాని వెనుక గాలి పీడనం తగ్గి, సుడులు ఏర్పడతాయి. మట్టిరోడ్డు మీద వెళ్లే కారు వెనుక అద్దం మీద దుమ్ము పేరుకునేది అందుకే. తోక గొట్టం బంపరు దాటి బయటికి రాకపోతే పొగ ఆ సుడుల్లో చిక్కుకుని, తెరిచిన డిక్కీలోంచి, చిరిగిన రబ్బరు బీడింగులోంచి, నేల రేకులో తుప్పు చిల్లుల్లోంచి లోపలికి వస్తుంది.

పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే దీన్ని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అప్పుడు శరీరానికి ఆక్సిజన్ అందదు. భారత్ స్టేజ్ ప్రమాణాలకు ముందు తయారైన పెట్రోల్ కారుకు, ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, పొగలో 3 శాతం దాకా కార్బన్ మోనాక్సైడ్ ఉండటానికి మన నిబంధనలు అనుమతిస్తాయి. 3 శాతం అంటే పది లక్షల భాగాల్లో 30,000 భాగాలు. గది గాలిలో గంటసేపు ఉండదగిన పరిమితిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో సూచించినది ఘనపు మీటరుకు 35 మిల్లీగ్రాములు, అంటే పది లక్షల్లో సుమారు 30 భాగాలు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టండి. వెయ్యి రెట్ల తేడా. అలాంటి పొగలో వెయ్యో వంతు కారు లోపలి గాలిలో కలిసినా పరిమితి చేరుకున్నట్టే. తనిఖీలో నెగ్గిన కారు కూడా లోపల కూర్చున్నవారికి ప్రమాదకరం కావచ్చన్నమాట.

కారులో ఒకరికంటే ఎక్కువమందికి ఒకేసారి తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, మగత వచ్చి, కిందికి దిగితే తగ్గుతుంటే దాన్ని ప్రయాణ బడలిక అని కొట్టిపారేయకండి. వెంటనే కారు ఆపి అందరినీ దించండి. తగ్గకపోతే ఆస్పత్రికి తీసుకెళ్లి, పొగ అనుమానం సంగతి డాక్టరుకు చెప్పండి. మూసిన షెడ్డులో ఇంజిన్ నడపవద్దు. ఆగి ఉన్న కారులో ఇంజిన్ నడుపుతూ ఏసీ వేసుకుని నిద్రపోవద్దు.

కన్వర్టర్‌ను కోసి పారేయవచ్చా?

దేశంలో 1995 ఏప్రిల్ 1 నుంచి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై నగరాల్లో అమ్మే కొత్త పెట్రోల్ కార్లకు క్యాటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి చేశారు. సీసం కలిసిన పెట్రోలు అమ్మకం 2000 ఫిబ్రవరి 1తో దేశమంతటా ఆగింది. సీసం కన్వర్టర్‌ను పాడుచేస్తుంది కనుక ఈ రెండింటికీ సంబంధం ఉంది. ఆ తరువాత ప్రమాణాలు బిగుస్తూ వచ్చి, 2020 ఏప్రిల్ 1న దేశమంతటా భారత్ స్టేజ్ 6 అమలులోకి వచ్చింది. మీ పాత కారుకు కన్వర్టర్ ఉందా లేదా అన్నది అది ఏ ఏడాది, ఏ ఊళ్లో అమ్ముడైందన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

కన్వర్టర్ లోపల తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మె ఉంటుంది. దాని సన్నని కంతల గోడలకు ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి విలువైన లోహాల పూత ఉంటుంది. ఇవి ఉత్ప్రేరకాలు. కార్బన్ మోనాక్సైడ్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా, మండకుండా మిగిలిన పెట్రోలు ఆవిరిని నీరు, కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తాయి. మూడు పనుల కన్వర్టర్ అయితే నైట్రోజన్ ఆక్సైడ్లను తిరిగి నైట్రోజన్‌గా విడగొడుతుంది. సుమారు 250 నుంచి 300 డిగ్రీల వేడి చేరాకే ఇది పని మొదలుపెడుతుంది. అందుకే కొత్త కన్వర్టర్‌ను పాతది ఉన్న చోటే వేయించాలి. ఇంకా వెనక్కి జరిపితే ఆలస్యంగా వేడెక్కుతుంది.

కన్వర్టర్ మూసుకుపోయిందని, దాన్ని కోసేసి గొట్టం అతికిస్తే సరిపోతుందని చెప్పేవారు ఉంటారు. ఒప్పుకోకండి. భారత్ స్టేజ్ 2, 3 కార్లకు కార్బన్ మోనాక్సైడ్ పరిమితి 0.5 శాతం మాత్రమే. కన్వర్టర్ లేకుండా దానిలో నెగ్గడం కష్టం. అసలు అది ఎందుకు మూసుకుపోయిందన్నది ముందు అడగవలసిన ప్రశ్న. ప్లగ్ సరిగా మండకపోతే పచ్చి పెట్రోలు కన్వర్టర్‌లోకి వచ్చి అక్కడే మండి, దిమ్మెను కరిగించేస్తుంది. ఇంజిన్ ఆయిల్ తాగుతుంటే ఆ మసి పూతను కప్పేస్తుంది. రోగం కుదర్చకుండా కొత్త కన్వర్టర్ వేస్తే అదీ అదే దారి పడుతుంది. మార్చవలసి వస్తే మాత్రం ఇంజిన్ సి.సి.కి సరిపడేది తీసుకోండి, పాతదాన్ని అడిగి వెనక్కి తీసుకోండి. తుక్కుగా కూడా దానికి మంచి విలువ ఉంటుంది.

ఇంజెక్షన్ ఇంజిన్ ఉన్న కార్లలో గొట్టానికి ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. దానికి ముందున్న అతుకు కారుతుంటే పొగ బయటికి రావడమే కాదు, విడతకూ విడతకూ మధ్య పీడనం తగ్గినప్పుడు బయటి గాలి లోపలికీ వస్తుంది. సెన్సర్ ఆ గాలిలోని ఆక్సిజన్‌ను చూసి పెట్రోలు తక్కువైందని కంప్యూటర్‌కు తప్పు కబురు పంపుతుంది. కంప్యూటర్ పెట్రోలు పెంచుతుంది. గోరంత చిల్లు మైలేజీని తినేస్తుంది.

లోపలి నుంచి తినే తుప్పు

ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు 900 గ్రాముల నీరు పుడుతుందంటే మీరు నమ్ముతారా? పెట్రోలులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలవడం వల్ల ఆ నీరు ఏర్పడుతుంది. దూర ప్రయాణంలో అది ఆవిరిగా పోతుంది. రోజూ కూరగాయల మార్కెట్ దాకా వెళ్లి వచ్చే కారులో మాత్రం సైలెన్సర్ వేడెక్కేలోపే ఇల్లు వచ్చేస్తుంది. నీరు డబ్బాలోనే నిలిచి, పొగలోని ఆమ్లాలతో కలిసి లోపలి నుంచి రేకును తినేస్తుంది. తక్కువ తిరిగే కారుకే సైలెన్సర్ త్వరగా పోవడానికి కారణం ఇదే. డబ్బా అడుగున కంపెనీవారే పెట్టిన సన్నని రంధ్రం ఒకటి చాలా కార్లలో ఉంటుంది. అది ఈ నీరు పోవడానికే. చిల్లు పడిందనుకుని దాన్ని మూయించకండి. విశాఖపట్నం, చెన్నై, ముంబై వంటి సముద్రతీర నగరాల్లో ఉప్పుగాలి బయటి నుంచి కూడా తుప్పుకు తోడవుతుంది.

చవక సైలెన్సర్లు మామూలు ఉక్కు రేకుకు నల్ల రంగు వేసినవి. ఆ రంగు వేడికి మాడిపోతుంది. అల్యూమినియం పూత ఉన్న ఉక్కు అంతకంటే నయం. స్టెయిన్‌లెస్ స్టీలు ఇంకా మేలు. అందులో 409 రకానికి అయస్కాంతం అంటుకుంటుంది, 304 రకానికి సాధారణంగా అంటుకోదు. కాబట్టి అయస్కాంతం అంటుకున్నంత మాత్రాన అది స్టెయిన్‌లెస్ కాదని అనుకోకూడదు. ఇంకొక హెచ్చరిక. కొందరు నీళ్లకు వాడే జి.ఐ. పైపు ముక్కను అతికిస్తారు. దాని మీది జింకు పూత వెల్డింగ్ వేడికి పొగై, వెల్డర్‌కు జ్వరం తెప్పిస్తుంది. ఎగ్జాస్ట్‌కు అది పనికిరాదు.

బిగించేటప్పుడు

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే పని మొదలుపెట్టాలి. కారు కేవలం జాకీ మీద ఉండగా ఎవరూ కిందికి దూరకూడదు. సమతలం మీద ఆపి, చక్రాలకు అడ్డం పెట్టి, గట్టి ఇనుప స్టాండ్ల మీద నిలపాలి. ఇటుకలు పెట్టవద్దు, అవి ఉన్నట్టుండి పగులుతాయి. పట్టేసిన నట్లకు ముందు రోజే తుప్పు వదిలించే నూనె పోసి ఉంచితే మానిఫోల్డ్ బోల్టులు విరగవు.

అతుకుల మధ్య ఉండే గాస్కెట్, అంటే మెకానిక్‌లు ప్యాకింగ్ అనేది, ప్రతిసారీ కొత్తదే వేయించండి. భాగాలన్నిటినీ ముందు వదులుగా తగిలించి, ఎక్కడా దేనికీ తగలకుండా సరిచూసి, ఆ తరువాత ఇంజిన్ వైపు నుంచి వెనక్కి ఒక్కొక్కటిగా బిగించాలి. మొదటే ఒక చివర బిగిస్తే గొట్టం మెలిపడి, ఆ ఒత్తిడి అతుకుల మీద పడుతుంది.

రబ్బరు హ్యాంగర్లు తెగిపోయి ఉంటే కొత్తవి వేయించండి. ఆ చోట గొట్టాన్ని నేరుగా బాడీకి వెల్డింగ్ చేయనివ్వకండి. లెక్క చూడండి. ఒకటిన్నర మీటర్ల ఉక్కు గొట్టం 300 డిగ్రీలు వేడెక్కితే 5 మి.మీ.కు పైగా సాగుతుంది, 304 స్టెయిన్‌లెస్ అయితే 7 మి.మీ. పైగా. పైగా ఇంజిన్ తన మౌంటింగుల మీద ఊగుతూనే ఉంటుంది. ఈ కదలికకు చోటివ్వకపోతే ఏదో ఒక అతుకు పగలక తప్పదు. స్ప్రింగులున్న బోల్టులను స్ప్రింగు పూర్తిగా నలిగేలా బిగించకూడదన్నదీ ఇందుకే.

వెల్డింగ్ చేయవలసి వస్తే బ్యాటరీ తీగ ఊడదీయించండి. పెట్రోలు ట్యాంకు దగ్గర వెల్డింగ్ చేయనివ్వకండి, గొట్టాన్ని విప్పి దూరంగా తీసుకెళ్లి చేయమనండి. వేడిని అడ్డుకునే రేకులు విప్పితే తిరిగి బిగించారో లేదో చూడండి. తోక గొట్టం బంపరు అంచు దాటి బయటికి రావాలి. మా ఇంటి అనుభవం మీకు వద్దు.

పని అయ్యాక ఒక పరీక్ష. ఆరుబయట ఇంజిన్ స్టార్ట్ చేసి, మందపాటి తడిగుడ్డతో తోక గొట్టం మూతిని రెండు మూడు క్షణాలు మాత్రం అడ్డుకోమనండి. ఎక్కడైనా బుస్సుమనే చప్పుడు వస్తే అక్కడ కారుతున్నట్టే. కొన్ని రోజుల తరువాత అతుకుల దగ్గర నల్లని మసి చార కనిపించినా అదే అర్థం. మొదటి వంద కిలోమీటర్ల తరువాత, చల్లారాక, నట్లన్నీ మళ్లీ ఒకసారి బిగింపు చూడాలి.

చట్టం ఏమంటుంది?

1989 కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో ఈ విషయాలన్నీ ఉన్నాయి. 112వ నిబంధన ప్రకారం కారు పొగ కిందికి గాని, ఎడమవైపు గాని వదలకూడదు. మన దేశంలో వాహనాలు ఎడమవైపు నడుస్తాయి, పాదచారులు ఉండేది ఆ పక్కనే. 113వ నిబంధన ప్రకారం పొగగొట్టానికీ పెట్రోలు గొట్టానికీ మధ్య కనీసం 35 మి.మీ. ఎడం ఉండాలి. 120వ నిబంధన ప్రకారం ప్రతి వాహనానికీ చప్పుడు తగ్గించే సైలెన్సర్ ఉండాలి. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను మీరితే, 2019 సవరణ తరువాత, మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద మొదటి తప్పుకే గరిష్ఠంగా మూడు నెలల జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కాబట్టి కొత్త భాగం వేయించగానే కాలుష్య తనిఖీ చేయించుకోండి. పాత సర్టిఫికెట్ గడువు మిగిలి ఉన్నా సరే. అది పోలీసుల కోసం మాత్రమే కాదు, చేసిన పని సరిగా ఉందో లేదో మీకు అంకెల్లో తెలుస్తుంది.

చివరగా

మీరే ఒక లెక్క చేసి చూడండి. మీది నాలుగు సిలిండర్ల కారు అయితే, నిమిషానికి 2400 చుట్ల వద్ద సెకనుకు ఎన్నిసార్లు పొగ వదులుతుంది? జవాబు 80. ఆ 80 సార్లలో ప్రతిసారీ బయటికి వచ్చేది కంటికి కనిపించని, ముక్కుకు తెలియని విషం. దాన్ని వెనుక సీట్లో కూర్చున్నవారికి దూరంగా తీసుకుపోయేది బంపరు దాకా సాగిన ఆ ఇనుప గొట్టం ఒక్కటే. అందుకే బజారులో బేరం చేసేటప్పుడు చప్పుడు గురించి, బలం గురించి అడగడానికి ముందు మూడు ప్రశ్నలు వేయండి. వ్యాసం సరిపోతుందా? అతుకులు కారవు కదా? తోక గొట్టం బంపరు దాటుతుందా? ఈ మూడింటికీ సరైన జవాబు వస్తే, మీ పాత కారుకు ఆ సైలెన్సర్ తగినదే.